మా ఇంట్లో తిరిగే చెవులపిల్లి

రాత 1

గోడమ్మకు చెప్పి రాయించుకోమన్నారు. నేను చెప్పను. నా మాట దానికి రాదు. అందుకే నా చేత్తో నేనే రాసుకుంటున్నాను. నాకు వచ్చిన అక్షరాలు తక్కువ. బండల మీద పేర్లు చెక్కడానికి నేర్చుకున్నవి. ఒక్కో మాటకు చాలాసేపు పడుతుంది. పట్టనీ.

నా పేరు ఓబులేసు. ఈ లోనూరు ఊరు కాకముందు నాపరాతి గని. అప్పుడు ఇక్కడ బండలు కోసినవాణ్ణి నేను. పైన ఎండకు మనుషులు నిలవలేక కిందికి దిగినప్పుడు వాళ్ళకు వీధుల్లాగా వరసలు వరసలుగా గదులు తొలిచి ఇచ్చింది నేనూ, నా సాటి పనివాళ్ళూ. ఇప్పుడు ఆ గోడల్లోంచే ఒక ఆడగొంతు నాకు పద్ధతులు చెప్తుంది. "ఓబులేసు గారూ, మీ నీళ్ళ వంతు వచ్చింది." "ఓబులేసు గారూ, మీ తలుపు తెరిచి ఉంది." అందరూ ఆ గొంతును గోడమ్మ అంటారు. గారు అంటుంది కాబట్టి ఊరుకున్నాను.

మాంసం కొట్టంలో ఒక చెవులపిల్లి పిల్ల ఉండింది. జొన్నల రంగు, అందుకే జొన్నడు అని పేరు పెట్టాను. ఒక చెవి లేచి ఉంటే ఒక చెవి వాలి ఉంటుంది. ఒళ్ళు చేయడం లేదని కొట్టం వాడు దాన్ని పక్కన పెట్టాడు. నేను అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో జంతువు ఉంటే గోడమ్మకు చెప్పాలి కదా, చెప్పాను.

"ఏ జంతువు?" అంది.

"చెవులపిల్లి."

"పిల్లి. నమోదైంది. పిల్లులు ఇళ్ళలోనూ వరసల్లోనూ స్వేచ్ఛగా తిరగవచ్చు."

"పిల్లి గాదు. చెవులపిల్లి."

"చెవులు ఉన్న పిల్లి. నమోదైంది. ధన్యవాదాలు, ఓబులేసు గారూ."

మా తాతల కాలం నుంచి మేం దాన్ని చెవులపిల్లి అనే అన్నాం. కుందేలు అనేది పుస్తకంలో బొమ్మ కింద ఉండే మాట. ఎక్కడి తెలుగు నేర్పి దాన్ని గోడలో పెట్టారో నాకు తెలియదు. తప్పు దానిది. నేను సరిగానే చెప్పాను. కుందేళ్ళయితే బోనులోనే ఉండాలని ఊరి కట్టడి. పిల్లికి కట్టడి లేదు. పైగా పిల్లికని ఎండుచేపల వంతు వస్తోంది. జొన్నడు ముట్టడు. నేనే తింటున్నాను.

రాత 2

జొన్నడు ఎందుకు తిరగాలో కూడా రాయాలి.

నా భార్య మద్దిలేటమ్మకు చూపు పోయింది. ఒక్కసారిగా పోలేదు. మెల్లగా మసకేసి, మసకేసి, ఆఖరికి దీపం ఉందో లేదో కూడా తెలియని స్థితికి వచ్చింది. అప్పటినుంచి మంచం దిగలేదు. చెయ్యి పట్టుకుని నడిపిస్తానంటే, "నన్నేం గొడ్డును తోలినట్ల తోలొద్దు" అని తిట్టేది. నేనూ ఓర్పున్న మనిషిని కాను. చెయ్యి గుంజేవాణ్ణి. ఆమె విదిలించేది. గోడవైపు తిరిగి పడుకునేది. అట్లా చాలా కాలం గడిచింది.

జొన్నణ్ణి తెచ్చి కింద వదిలాను. నాపబండ నున్నన కదా, వాడి గోళ్ళు టకటకమన్నాయి. మూలకు పోయాడు, కుండ దగ్గరికి పోయాడు, మంచం కోళ్ళను గడ్డంతో రుద్దాడు. ఆమె తల ఎత్తింది.

"ఏందది?"

"చెవులపిల్లి."

"యాడికి పోతాండాది?"

"నాకేం తెల్సు? నువ్వే ఇను."

విన్నది. వింటూ వింటూ కాళ్ళు కింద పెట్టింది. గోడకు చెయ్యి ఆనించి వాడి వెనక కుండ దాకా పోయింది. నేను కదలకుండా కూర్చున్నాను. లేస్తే మళ్ళీ పడుకుంటుందని భయం.

ఇప్పుడు పొద్దున దీపాలు వెలగగానే వాడు ముందు, ఆమె వెనక. వాడు జారకుండా నడిమధ్య గోనెసంచులు పరిచాను. పక్కలు మాత్రం బండ అట్లాగే వదిలాను, గోళ్ళు వినపడాలి కదా. ఒక మూల తొట్టిలో గడ్డి పెట్టాను, వాడి పనులన్నీ అక్కడే. సంతోషం వచ్చినప్పుడు వాడు ఉన్నచోటు నుంచి గాల్లోకి ఎగిరి ఒళ్ళు మెలితిప్పి దిగుతాడు. ఆ దబ్బుమన్న శబ్దానికి ఆమె నవ్వుతుంది. మొన్న గడప దాటి పక్కింటి దాకా పోయింది. పక్కిల్లు ఆమె తమ్ముడు సుంకన్నది. నేను పట్టుకోకుండా పోయింది.

రాత 3

దీపం పోయింది.

తీగలకు ఇప్పుడు పాతకాలపు ప్లాస్టిక్ తొడుగు లేదు. జొన్నపిప్పితో చేసిన మెత్తటి తొడుగు వేస్తున్నారు. గోడ అడుగున పోయే తీగను చూస్తే పళ్ళ గాట్లు. పక్కనే జొన్నడు మూతి తుడుచుకుంటున్నాడు.

గోడమ్మ పలికింది. "ఓబులేసు గారూ, మీ గదిలో తీగ తెగింది. ఎలుక కొరికినట్టుంది. మీ పిల్లిని గమనించమనండి."

పిల్లిని నేను గమనించమనాలంట.

తీగ అతికించి పోయారు. నేను ఊరికే కూర్చోలేదు. పాత ఉలీ సుత్తీ తీసి, బండ ముక్కలు పట్టీలుగా కొట్టి, గోడ పొడవునా తీగ మీద బిగించాను. చేతులు ఇంకా పని మరవలేదు. సుంకన్న గడపలో నిలబడి చూశాడు. వాడూ నాతో బండలు కోసినవాడే. దుమ్ము తిని ఊపిరితిత్తులు రాయిలాగా అయినాయి. ముక్కుకు గొట్టం, మంచం పక్కన గాలి మిషను. మిషను గొట్టం ఎంత పొడుగుంటే అంతే వాడి లోకం. మా గడప దాకా వస్తుంది.

"ఏం బావా, ఎలకలు నీ ఇంటికే వస్తాండాయంటనే?" అన్నాడు.

"వస్తే వస్తాయి."

"పిల్లిని పెట్టుకుంటివి గదా. అది ఎలకల్ని పట్టదా, ఎలకలే దాన్ని పట్టినాయా?"

"దానికి పండ్లు నొప్పిలే."

"నీకు చేపముల్లు గుచ్చుకున్న్యాదేమో చూసుకో. ఇల్లంతా ఎండుచేప వాసన" అని నవ్వి దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

వాడికి తెలుసు అది పిల్లి కాదని. వరసలో అందరికీ తెలుసు. ఎవరూ గోడమ్మకు చెప్పలేదు. మద్దిలేటమ్మ నడవడం వాళ్ళూ చూశారు.

రాత 4

మళ్ళీ కొరికాడు. ఈసారి నా బండ పట్టీ ఆగిపోయే చోట, తీగ గోడలోంచి సుంకన్న ఇంట్లోకి దూరే సందులో. గోరుతో మట్టి గీకి బయటికి లాగాడు. వాడి పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరకాల్సిందే. కట్టెముక్కలు వేశాను. జొన్నదంటు వేశాను. అవీ తింటాడు, తీగా తింటాడు.

తీగ పూర్తిగా తెగలేదు. గుడ్డ చుట్టి పైన బంకమట్టి పామాను. వాణ్ణి గంపలో వేసి మూత మీద బండ పెట్టాను.

మద్దిలేటమ్మ మంచం మీద కూర్చుని చాలాసేపు విన్నది.

"యాడుండాడు?"

"గంపలో."

"ఎందుకు?"

"తీగలు కొరుకుతాండాడు. ఊర్లో ఎలకలు పడినాయని గోడమ్మ గోల చేస్తాంది. పిల్లులనంతా ధాన్యం కొట్టుకు పిలుస్తారంట."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మరునాడు లేవలేదు. ఆ మరునాడూ లేవలేదు. అన్నం మంచం దగ్గరికే తెమ్మన్నది. నీళ్ళకు లెమ్మన్నాను.

"కుండ యాడుండాదో మర్చిపోయినా" అన్నది.

కుండ జరపనే లేదు. ఉన్నచోటే ఉంది. గోడకు చెయ్యి పెట్టి నడిస్తే ఎవరికైనా దొరుకుతుంది. ఆ మాటే గట్టిగా అన్నాను.

"నువ్వు కండ్లు మూసుకుని పో, సూస్తా" అన్నది.

కోపమొచ్చి కళ్ళు మూసుకుని పోయాను. కుండ నా కాలికి తగిలి పగిలింది. గది నిండా నీళ్ళు. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

గంప మూత తీసేశాను. వాడు తడిబండ మీద జారుతూ పోయాడు. ఆమె కాళ్ళు కింద పెట్టింది.

రాత 5

ఈ రాత రాయాలని లేదు. రాస్తాను.

పొద్దున దీపాలు వెలిగిన కాసేపటికి సుంకన్న ఇంట్లోంచి గోడ మీద గుద్దిన శబ్దం. మనిషి అరవలేడు, అందుకని గుద్దుతాడు. పరుగెత్తాను. పరుగు అంటే నా వయసులో ఎంత పరుగో అంత. గాలి మిషను ఆగిపోయింది. వాడు మంచం పట్టె పట్టుకుని నోరు తెరిచి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు నావైపు తిరిగాయి.

మిషను పక్కనే రబ్బరు తిత్తి ఒకటి వేలాడదీసి ఉంటుంది, ఇట్లాంటప్పుడు చేత్తో నొక్కమని. తగిలించి నొక్కాను. నొక్కుతూనే గోడమ్మను పిలిచాను. "సుంకన్నకు గాలి లేదు, తీగ తెగింది, మనిషిని పంపు" అన్నాను. ఈ మాటలు అర్థమైనాయి దానికి. పంపుతున్నానంది. వాళ్ళు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాను. చేతులు బండబారిపోయాయి. మధ్యలో మద్దిలేటమ్మ వచ్చింది. జొన్నడి వెనక రాలేదు. తమ్ముడి గొంతులో గురక విని వచ్చింది. వాడి కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు రుద్దుతూ ఉన్నది.

తీగల మనుషులు వచ్చి మా గోడ సందులో చూశారు. తొడుగు లేదు. రాగి తేలి తుంపులైంది. గుడ్డా లేదు, బంకమట్టీ లేదు.

తీగ అతికించాక మిషను నడిచి సుంకన్నకు రంగు తిరిగొచ్చింది. గోడమ్మ అప్పుడు ఊరంతటికీ వినిపించేట్టు చెప్పింది. "మూడో వరసలో ఎలుకల వల్ల ప్రాణహాని ఏర్పడింది. పిల్లులను పెంచేవారు రేపు తమ పిల్లులను ధాన్యం కొట్టు దగ్గర అప్పగించాలి. ఓబులేసు గారూ, మీ పిల్లి కూడా."

జొన్నణ్ణి అన్ని పిల్లుల మధ్య వదిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అయినా నాకు అప్పుడు గుర్తొచ్చింది అది కాదు. సుంకన్న కళ్ళు.

రాత 6

మధ్యాహ్నం గోడ ముందు నిలబడ్డాను.

"తీగ కొరికింది ఎలుక కాదు" అన్నాను. "మా ఇంట్లో ఉన్నది."

"మీ ఇంట్లో పిల్లి ఉంది. పిల్లులు తీగలు కొరకవు."

"పిల్లి గాదు! చెవులపిల్లి!"

"చెవులు ఉన్న పిల్లి. నమోదై ఉంది."

"నీ చెవుల్లో నా ఉలి పెట్టా! గడ్డి తింటాది, ఎగురుతాది, చిన్న తోక. చెవులపిల్లి!"

"పిల్లికి గడ్డి పెట్టకండి, ఓబులేసు గారూ. జీర్ణం కాదు."

సుంకన్న తన గడపలో గొట్టంతో కూర్చుని అంతా విన్నాడు. వాడి ముఖంలో నవ్వు లేదు.

"అయితే వాడేనా?" అన్నాడు. "నేను ఎలకలనుకున్న్యా. నీ బండ పట్టీలు సూసి, బావ ఉండాడులే అనుకున్న్యా. నా ఊపిరి నీ చెవులపిల్లికి మేతా బావా?"

నేను వంగి నా బండ పట్టీని చేత్తో తడిమాను.

"మా అక్క నడుస్తాందని నేను ఊరుకున్న్యా. నేను సచ్చిపోతే మా అక్క యాడికి నడుస్తాది?"

లోపలి నుంచి మద్దిలేటమ్మ గొంతు వచ్చింది. "ఇంగ సాలు. వాణ్ణి బోనులో పెట్టుకోని పొమ్మను. నేను పండుకుంటాలే. పండుకున్నదాన్నే గదా."

ఆమె ఆ మాట కోపంగా అని ఉంటే నేనూ కోపంగా ఏదో అనేవాణ్ణి. ఏదో సామాను ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు అన్నది.

"మొదుట నువ్వు దానికి అర్థమయ్యే మాట చెప్పు" అన్నది మళ్ళీ. "అదే బడి మాట."

"నేనెందుకు చెప్పాల? అదే నేర్చుకోవాల."

"నా తమ్ముడు సచ్చినాక నేర్చుకుంటాదా?"

గోడవైపు తిరిగాను. ఇన్నేళ్ళలో ఎవరికీ తల వంచి మాట మార్చుకున్నవాణ్ణి కాను. మేస్త్రీలకూ వంచలేదు, ఈ ఊరి పెద్దలకూ వంచలేదు.

"కుందేలు" అన్నాను.

గోడమ్మకు ఈసారి మాట అందింది.

"కుందేలు. కొరికే జంతువు. తీగలున్న ఇంట్లో కొరికే జంతువు విడిగా తిరగరాదు. రేపు మనిషి వస్తుంది, ఓబులేసు గారూ."

రాత 7

వచ్చింది. పేరు కుళ్ళాయమ్మ. తీగల పని చేసే పిల్ల, నడుముకు పనిముట్ల పట్టీ. చేతిలో బోను. పిల్లి పేరుతో కుందేలును పెట్టుకున్నందుకు అరుస్తుందనుకుని నేను ముందే అరవడానికి సిద్ధంగా ఉన్నాను. అరవలేదు. బోను కింద పెట్టి, గోనెసంచి మీద కూర్చుని, జొన్నడు తన మోకాలి దగ్గరికి వచ్చి ముక్కు ఆడించేదాకా చూసింది.

"మా అవ్వ కూడా చెవులపిల్లే అనేది తాతా" అన్నది. "గోడమ్మకు మాటలు నేర్పినోళ్ళు మనవైపు రాలేదు."

"వచ్చింటే రెండు తగిలించేవాణ్ణి."

"తగిలించేవాడివేలే. ఇప్పుడు వీణ్ణి ఏం సేద్దాం? కొట్టానికి పంపితే కోసేస్తారు. కాబట్టి ఇంట్లోనే ఉంచుకో, బోనులో. నేను రాసుకుంటా."

"బోనులో ఉంటే ఎందుకు? బోనులో ఉన్నది బొమ్మతో సమానం. వాడు నడిస్తేనే ఆమె నడుస్తాది."

"అట్లయితే పై వరసల్లోకి పోండి. ఆడ తీగలు లేవు."

"ఆడ చల్లగాలి రాదు. ఆ ఎండకు మనుషులం ఎట్లో ఉంటాం, చెవులపిల్లి ఒక్క పూట బతకదు."

"మరి నేనేం జేసేది తాతా? కట్టడి నేను రాసిందా?"

ఆ కట్టడిని నేను మనసులో తిప్పుకున్నాను. తీగలున్న ఇంట్లో కొరికే జంతువు విడిగా తిరగరాదు. తీగలున్న ఇంట్లో.

"తీగలు పీకెయ్" అన్నాను.

"ఏంది?"

"మా ఇంట్లో తీగలు. అన్నీ. చల్లగాలి రాతి గొట్టంలోంచి వస్తాది, దానికి తీగతో పని లేదు. అన్నం ఊరి వంటశాలలో తింటాం. పీకెయ్."

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "దీపం ఉండదు తాతా. ఇది గుహ. చీకటంటే పైన రాత్రి పడే చీకటి మాదిరి గాదు. చెయ్యి కంటి ముందర పెట్టుకున్నా కనపడదు. గోడమ్మ ఉండదు. కింద పడి పిలిచినా ఎవరూ పలకరు."

"చమురు దీపం?"

"ఊరి గాలి పాడైపోతాదని నిషేధం. నీకు తెలీదా?"

తెలుసు. ఊరికే అడిగాను.

"సుంకన్న మామ తీగ మీ గోడలోంచే పోతాంది" అన్నది. "అది తీస్తే ఆయనకు గాలి ఎట్ల?"

"దాన్ని బయట వరస గుండా మళ్ళించు. బండలో కాలువ నేను తొలుస్తా. పైన బండ మూత. ఏనుగు కొరికినా తెగదు."

మంచం మీద మద్దిలేటమ్మ లేచి కూర్చుంది. "ఓయ్, నీకేమన్నా మతి పోయిందా? నాకంటే ఎప్పుడూ చీకటే. నువ్వు చీకట్లో ఏం జేస్తావ్? నీ రాతలు ఎట్ల రాసుకుంటావ్?"

"రాసింది సాలు."

"పడతావ్. ఎముక ఇరుగుతాది."

"ఇరిగితే ఇరుగుతాది. నా ఇల్లు నేను తొల్చుకున్నది. దాంట్లో నాకు దోవ తెలీదా?"

"కుండ తన్నినప్పుడు తెలిసిందా?" అన్నది ఆమె.

కుళ్ళాయమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను బోను ఎత్తి గడప బయట పెట్టాను.

రాత 8

కాలువ తొలవడానికి అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది. సుంకన్న గొట్టం అందినంత దూరం వచ్చి కూర్చుని, గీత వంకర పోయిందని దెప్పుతూనే ఉన్నాడు. ఒకసారి ఉలి అడిగి తీసుకుని, రెండు దెబ్బలు వేసి, దగ్గు వచ్చి తిరిగిచ్చాడు. వాడు నన్ను పూర్తిగా క్షమించాడని అనుకోను. తీగ కొత్త కాలువలో పెట్టి మూత బిగించాక చెవి ఆనించి మిషను శబ్దం విన్నాడు. ఆ తర్వాతే "సర్లే, పీక్కో" అన్నాడు.

కుళ్ళాయమ్మ మా తీగలు చుట్టచుట్టి భుజాన వేసుకుంది. ఆఖరి తీగ తీసేముందు గోడమ్మ చెప్పింది. "ఓబులేసు గారూ, మీ ఇంటి సేవలు ముగుస్తున్నాయి. ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?"

"చెవులపిల్లి" అన్నాను.

"పిల్లి..." అంటుండగానే గొంతు ఆగిపోయింది.

ఇది వరసలోని ఉమ్మడి దీపం కింద కూర్చుని రాస్తున్నాను. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ వంగి చూస్తున్నారు. ఒకడు బువ్వ ఏమన్నా కావాలా తాతా అని అడిగాడు. రాయడం కోసం రోజూ ఇట్లా దారిలో కూర్చోను. ఇదే ఆఖరు.

ఆ పిల్ల చెప్పింది నిజం. ఆ చీకటి నేను ఎరిగిన చీకటి కాదు. తలుపు మూయగానే కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. గని తొలిచినప్పుడు కూడా నా తల మీద దీపం ఉండేది. గోడ ఉండాల్సిన చోట గోడ లేదు. మంచం ఎటువైపో తెలియలేదు. చెయ్యి చాపితే గాలి.  భయపడ్డాను. పైకి చెప్పలేదు. ఆమెకు తెలిసిపోయింది, నా ఊపిరి విని కాబోలు.

"నిలబడు" అన్నది. "ఉరకొద్దు. ఇను."

విన్నాను. ఏమీ లేదు. తర్వాత ఎక్కడో గడ్డి నలిగింది. తర్వాత బండ మీద గోళ్ళు, అటు రెండు గెంతులు, ఇటు ఒకటి. అటువైపు గోడ ఉంది. ఆ పక్కన కుండ ఉండాలి. గది కొంచెం కొంచెంగా నా చుట్టూ తిరిగి ఏర్పడింది.

ఆమె చెయ్యి నా మోచేతికి తగిలింది. పట్టుకుంది. గుంజలేదు. నేను విదిలించలేదు.

గోళ్ళ శబ్దం ఆగిపోయింది.

"మే, యాడుండాడు?" అని ఆమెను అడిగాను.

"నీ కాళ్ళ కాడ" అన్నది. "కదలొద్దు."

కదల్లేదు.